మా ఆయన రెండో గొంతు

మా ఆయన గొంతు ఈ దేశంలో లక్షలమందికి తెలుసు. ముఖం మాత్రం మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. పేరు బోగుమిల్. బితొమ్ రైల్వే స్టేషన్‌లో ముప్పై రెండేళ్లు మైకు ముందు కూర్చున్నాడు. క్రాకువ్ నుంచి రావలసిన బండి నలభై నిమిషాలు ఆలస్యంగా మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని ఆయన చెబితే, తిట్టుకుందామనుకున్నవాళ్లు కూడా ఊరుకుని బెంచీ మీద కూలబడేవారు. అంత నిదానం ఆ గొంతులో.

అయితే లక్షలమందికి తెలిసింది రైళ్ల వల్ల కాదు, హత్యల సినిమాల వల్ల.

ఎనభై నాలుగులో నా పిన్ని కొడుకు ఎర్విన్ పశ్చిమ జర్మనీకి లారీ తోలేవాడు. సీటు కింద వీడియో క్యాసెట్లు దాచి తెచ్చేవాడు. గొడ్డలి పట్టుకున్న ముసుగు మనిషి, సమాధిలోంచి లేచొచ్చిన పెళ్లికూతురు, తోలు చేతితొడుగులు వేసుకుని ఆడవాళ్ల వెంటపడే ఎవడో పెద్దమనిషి, అన్నీ ఆ బాపతే. మాటలన్నీ జర్మన్‌లో ఉండేవి. నేను పాలిటెక్నిక్‌లో జర్మన్ టీచర్ని.

"అక్కా, నువ్వు రాసిపెట్టు, బావ చదువుతాడు. జనం ఎగబడి చూస్తారు" అన్నాడు ఎర్విన్.

మా దగ్గర పరాయి సినిమాలో పాత్రకొక గొంతు పెట్టరు. వెనక అసలు మాటలు సన్నగా వినిపిస్తూనే ఉంటాయి. ఒక్క మగమనిషి అందరి మాటలూ ఒకే తీరుగా చదువుకుంటూ పోతాడు. హంతకుడూ వాడే, చచ్చేదీ వాడే, తలుపు తట్టిన పోలీసూ వాడే. నటించకూడదు. ఆ పని కోసమే పుట్టినట్టుండేవాడు మా ఆయన.

ఆదివారం పొద్దున మేడలో వాళ్లంతా చర్చికి వెళ్లాక, బట్టల బీరువాలో కోట్లు పక్కకు నెట్టి, రెండు పరుపు దుప్పట్లు వేలాడదీసి, ఆయన్ని అందులో కూర్చోబెట్టేవాళ్లం. నేను పక్కన మోకాళ్ల మీద. ఆయన భుజం మీద ఒకసారి తడితే చదవమని, రెండుసార్లు తడితే ఆగమని. టీచర్ని కాబట్టి బూతులు రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. బూతు వచ్చిన చోటల్లా "నీ ఉల్లిగడ్డ మొహం తగలెయ్య" అని రాసేదాన్ని. రంపం మోతలో మాటలు వినబడకపోతే నేనే ఏదో ఒకటి కల్పించేదాన్ని. ఒక సినిమాలో రంపం కింద ఉన్న పిల్ల ఏమని అరిచిందో ఇరవైసార్లు విన్నా అర్థం కాలేదు. "అమ్మా, సూప్ చల్లారిపోతోంది" అని రాసి ముగించాను. మా ఆయన దాన్ని కూడా బండి రాకపోకల్లాగే చదివేశాడు.

పన్నెండేళ్లలో రెండు వందల పైచిలుకు సినిమాలు చేశాం. తర్వాత కంపెనీలు వచ్చాయి, చదువుకున్న గొంతులు వచ్చాయి, మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మేమూ పెద్దగా పట్టించుకోలేదు. క్యాసెట్ల పెట్టెలు కింద బొగ్గు గదిలోకి చేరాయి.

రెండేళ్ల క్రితం శీతాకాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నాం. మూడు నెలలు తేనె, ఉల్లిపాయ రసం. చివరికి డాక్టరు లోపలికి సన్నగొట్టం పెట్టి చూసి, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న నాణెమంత రంధ్రం మిగిలింది. ఊపిరి ఇక అందులోంచే.

ఆస్పత్రివాళ్లు చేతిలో పట్టేంత యంత్రం ఒకటి ఇచ్చారు. గెడ్డం కింద ఆనించి మీట నొక్కితే గుర్రుమంటుంది. నోటితో మాటల ఆకారం చేస్తే ఆ గుర్రే మాటవుతుంది. గడ్డం గీసుకునే మిషన్‌కు మాటలు వచ్చినట్టు ఉంటుంది. ఆపరేషన్ తర్వాతి శిక్షణలో ఆయన బాగానే నేర్చుకున్నాడు. ఇంటికొచ్చిన వారానికి ఇద్దరం రొట్టెల దుకాణానికి వెళ్లాం. ఆయన యంత్రం ఆనించి గసగసాల కేకు కావాలని అడిగాడు. కౌంటర్లో అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆయనకేం కావాలట?" అంది గట్టిగా, మేమిద్దరం చెవిటివాళ్లమన్నట్టు.

ఆ రోజే యంత్రం సొరుగులోకి పోయింది. తర్వాతంతా పలక మీద రాయడమే. ఫోన్ మోగితే గదిలోంచి లేచి వెళ్లిపోయేవాడు. టీవీలో సినిమా వస్తే కట్టేసేవాడు. మరుసటి ఏడు వసంతం రాగానే పలక మీద రాశాడు: "కింద ఉన్న పెట్టెలు ఎవరికైనా ఇచ్చెయ్యి."

ఇచ్చేశాను. ఆయన అడిగాడని మాత్రమే కాదు, ఆ గొంతు ఇంట్లో ఉందంటే నాకే భరించశక్యం కాలేదు. చర్చివాళ్లు పాత సామాన్లు పంచిపెట్టే కొట్టుకు తోపుడుబండి మీద తీసుకెళ్లి దించాను. అక్కడి పెద్దావిడలు పెట్టెలు తెరిచి కూడా చూడలేదు, దేవుడు మేలు చేస్తాడమ్మా అని దీవించారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ముప్పై దగ్గర పడ్డ వయసు. ఇద్దరూ నల్లబట్టలే. అమ్మాయికి ఒకవైపు తల బోడి, రెండోవైపు భుజం దాకా జుట్టు. అబ్బాయి మెడలో సైకిల్ గొలుసు లాంటిదేదో. ఎదురింటి పెలాగియా అప్పుడే తలుపు సందులోంచి చూస్తోంది.

"వదినగారూ, పోలీసుల్ని పిలవమంటారా?" అంది.

"గ్యాసు మీటరు చూడ్డానికి వచ్చినట్టున్నారులే" అన్నాను.

"మీటరు కాదండీ" అంది అమ్మాయి. చేతిలో కాగితాల కట్ట చాపింది. నా టైపు ప్రతి. పాలిటెక్నిక్ పరీక్ష పేపర్ల వెనకవైపు టైపు చేసేదాన్ని ఆ రోజుల్లో, కాగితం దొరక్క. ముందువైపు నా పేరు ఉంది. "ఇది మీరేనా? లుద్వికా కాలీనా? చర్చి కొట్టులో తెచ్చుకున్న క్యాసెట్ పెట్టెలో దొరికింది. ఈ పేరున్న వాళ్లను పదకొండు మందిని అడిగి వచ్చాం."

"నేనే. ఏం, తప్పులున్నాయా?"

అమ్మాయి కాసేపు నన్ను చూసి, నిదానంగా, ఏ ఎత్తూ పల్లమూ లేకుండా అంది: "అమ్మా, సూప్ చల్లారిపోతోంది."

ఏం చెయ్యను, లోపలికి రమ్మన్నాను.

అమ్మాయి పేరు ఇదాలియా. పగలు చెవి మిషన్లు అమ్మే దుకాణంలో పని. అబ్బాయి తిమోన్, లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరూ కలిసి ఒక సంగీత బృందం నడుపుతున్నారు. పేరు తుప్పు. ఏం వాయిస్తారని అడిగితే తిమోన్ వేళ్లు మడిచాడు: "లిఫ్టు స్ప్రింగులు, ఇనపరేకులు, ఒక పాత ఫ్రిజ్. వాటికి మైకులు అంటించి, గీకి, కొట్టి, ఆ చప్పుడును పెంచుతాం."

"పాట?"

"పాట ఉండదండీ."

"మరి జనం ఎందుకొస్తారు?"

"అది మాకూ సరిగ్గా తెలీదు. వస్తారు" అన్నాడు నిజాయితీగా.

పాత హత్యల సినిమాలు తెర మీద వేసి, అసలు శబ్దం తీసేసి, వీళ్లు ఆ మోత వాయిస్తారట. దానికి మాటలు చదివే మనిషి కావాలి. ఎవరో ఒకరు కాదు, ఆయనే కావాలి. చిన్నప్పుడు ఈ గొంతుతోనే ఆ సినిమాలు చూశారట. వాళ్లలాంటివాళ్లు ఊరూరా ఉన్నారట. నా ఉల్లిగడ్డ తిట్టు బనియన్ల మీద అచ్చు వేసుకుని తిరుగుతున్నారట. వింటూంటే సిగ్గు వేసింది, సంతోషమూ వేసింది. కాఫీ పోయడం ఆపి కూర్చుని, జరిగింది చెప్పాను.

ఇదాలియా మొహం పాలిపోయింది. "మాకు తెలీదు టీచర్‌గారూ. క్షమించండి. వెళ్తాం."

అప్పటికి వంటింట్లోంచి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మెడకు రుమాలు. అన్నీ విన్నాడన్నమాట. పలక మీద రాసి చూపించాడు: "ఆలస్యమైంది. బండి వెళ్లిపోయింది."

ఇదాలియా తల దించుకుంది. తిమోన్ మాత్రం ఆయన మెడ వైపు చూస్తూ, "మీకు మిషన్ ఇవ్వలేదా సార్?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయితే ఆయన సొరుగు తెరిచి యంత్రం తెచ్చాడు. మీట నొక్కితే పలకలేదు, బ్యాటరీ చచ్చిపోయింది. తిమోన్ దాన్ని తీసి చూసి, "ఇదేనా, మా దగ్గర బోలెడు" అని తన సంచీలోని ఏదో పెట్టె విప్పి, అందులోంచి బ్యాటరీ పీకి దీన్లో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

మా ఆయన గెడ్డం కింద ఆనించి అన్నాడు: "మూడో ప్లాట్‌ఫారం."

గదిలో ఆ గుర్రు ఆగిపోయాక కూడా గ్లాసులో చెంచా సన్నగా వణికింది.

"ఇంకోసారి అనండి. ఈ చిన్నచక్రం కిందికి తిప్పి" అన్నాడు తిమోన్.

ఆయన తిప్పి అన్నాడు. ఈసారి ఇంకా లోతుగా, నూతిలోంచి వచ్చినట్టు. తిమోన్ కళ్లు మూసుకుని విన్నాడు. "ఇదాలియా, విన్నావా? మన పెద్ద రేకు కూడా సరిగ్గా ఇక్కడే మోగుతుంది."

"విన్నాను."

"మూడేళ్లుగా గీకి గీకి వెతుకుతున్నాం గదే దీనికోసం."

వాడి మొహంలో వెలుగు చూసేసరికి నా చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాను. "నాయనా, మా ఆయన గొంతు కోశారు. మీకు దొరికింది పాత ఇనుము కాదు. లేవండి."

లేచారు. ఇదాలియా ఒక కాగితం ముక్క బల్ల మీద పెట్టి వెళ్లింది. పెలాగియా తలుపు సందు ఇంకా తెరిచే ఉంది.

వెనక్కి తిరిగేసరికి మా ఆయన పలక మీద రాస్తున్నాడు. సుద్ద విరిగేంత గట్టిగా. "ఇన్నాళ్లలో ఈ చప్పుడు విని మొహం చిట్లించనివాళ్లు వాళ్లిద్దరే." దాని కింద ఇంకొంచెం చిన్నగా: "నువ్వు కూడా చిట్లిస్తావు లూదా."

కాదనలేను. నిజమే కాబట్టి. ఆయన మొదటిసారి ఆస్పత్రిలో నా పేరు ఆ యంత్రంతో పలికినప్పుడు నేను మొహం తిప్పుకుని దుప్పటి సర్దాను. ఆయన చూడలేదనుకున్నాను.

నాలుగు రోజులు ఇంట్లో పలక మీద కూడా మాటల్లేవు. ఐదో రోజు ఆ కాగితం ముక్క తీసి చూశాను. వాళ్లు సాధన చేసే చోటు రాసి ఉంది: మూతబడిన బొగ్గు గనిలో పనివాళ్ల స్నానాల హాలు. మా నాన్న ఆ హాల్లోనే పంతొమ్మిదేళ్లు ఒళ్లు తోముకున్నాడు. ట్రాము ఎక్కి వెళ్లాను.

గేటు దగ్గరికి వెళ్లేసరికే నేల అదురుతోంది. లోపల పనివాళ్లు బట్టలు తగిలించి పైకి లాగిన గొలుసులు ఇంకా కప్పు నుంచి వందలకొద్దీ వేలాడుతున్నాయి. వాటి మధ్య ఇదాలియా ఒక రేకును వయొలిన్ కమానుతో గీస్తోంది. తిమోన్ నేల మీద బోర్లా పడుకుని ఏవో మరలు తిప్పుతున్నాడు. ఆ మోత చెవులతో కాదు, కట్టుడుపళ్లతో విన్నాను. పొట్టలోకి దిగి అక్కడ కూర్చుంది. అది సంగీతమని ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను. అయితే ఒకటి గమనించాను. వాళ్లు ఆషామాషీగా చప్పుడు చెయ్యడం లేదు. ఇదాలియా ఒక్క గీత గీసి, ఆగి, విని, తల అడ్డంగా ఊపి, కమానును వెంట్రుకవాసి జరిపి మళ్లీ గీసేది. పిల్లల చేత ఒకే వాక్యం ఇరవైసార్లు రాయించిన దాన్ని, ఆ తల ఊపడం నాకు తెలుసు.

నన్ను చూసి ఆపేసింది. ముందుగా జేబులోంచి చెవుల్లో పెట్టుకునే మైనపు బిళ్లలు రెండు తీసిచ్చింది. "ఇవి లేకుండా లోపలికి రాకూడదు టీచర్‌గారూ. మీ వయసులో మిగిలిన వినికిడి కాపాడుకోవాలి. ఇది దుకాణంలో రోజూ చెప్పే మాటే, ఏమనుకోకండి."

"అమ్మాయ్, నాకు కోపమెక్కువ" అన్నాను.

"మేమూ బుద్ధిలేకుండా మాట్లాడాం. వీడికి లిఫ్టులతో తప్ప మనుషులతో మాట్లాడ్డం రాదు."

"లిఫ్టులు అలగవు గదా" అన్నాడు తిమోన్ నేల మీది నుంచే.

బోర్లించిన పీపాల మీద కూర్చున్నాం. ఎందుకమ్మా, ఇంతమంది చదివేవాళ్లుండగా ఆయనే ఎందుకని అడిగాను. ఇదాలియా చెప్పింది. వాళ్లమ్మది రొట్టెల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. బడి నుంచి వస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. అన్న దాచుకున్న క్యాసెట్లు పెట్టుకుని చూసేది, ఎనిమిదేళ్ల పిల్ల.

"భయం వేసేది కాదా?"

"సినిమా చూస్తే వేసేది. ఆయన గొంతు వింటే పోయేది. తల తెగిపడినా ఆయన తొణకరు గదా. ఆ గొంతు నడుస్తున్నంతసేపూ ఇంట్లో పెద్దవాళ్లెవరో ఉన్నట్టుండేది."

మైనపు బిళ్లలు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాను.

"వచ్చే మంగళవారం రండి" అన్నాను చివరికి. "భోజనానికి. ఆయన ఒప్పుకుంటాడో లేదో ఆయన్నే అడగండి. నేను మధ్యలో మాట్లాడను."

మాట్లాడకుండా ఉండలేకపోయాననుకోండి. అయినా ఆయన ఒప్పుకున్నాడు.

సినిమా వాళ్లే ఎంచారు. చలిదేశపు దీవిలో తేనెటీగలు పెంచే డాక్టరు ఒకడు తన రోగుల్ని ఒక్కొక్కరినే చంపి తేనెటీగల పెట్టెల కింద దాస్తుంటాడు. ఎనభై ఏడులో మేం చేసిందే. చిక్కెక్కడంటే, యంత్రంతో మాట నెమ్మదిగా వస్తుంది. పాత కాగితంలో ఉన్న మాటల్లో మూడో వంతు కూడా పట్టవు. కాబట్టి మళ్లీ రాయాలి. డెబ్బై ఒకటో ఏట కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. చూస్తుంటే నా పాత తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. డాక్టరు నర్సుతో "గడియ వెయ్యి" అంటే నేను "గొడుగు వెయ్యి" అని రాసిపెట్టాను. సరిచేస్తానంటే ఇదాలియా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"గొడుగు ముట్టుకుంటే హాల్లో గొడవైపోతుంది టీచర్‌గారూ. మూడు తరాల వాళ్లు దాని అర్థం గురించి కొట్టుకు చస్తున్నారు."

"అర్థమేముంది, నాకు వినబడలేదు."

"అది మాత్రం ఎక్కడా అనకండి."

వారానికి రెండు మధ్యాహ్నాలు గొలుసుల హాల్లో సాధన. నేను మీగడ పోసిన దోసకాయ సలాడూ ఉడికించిన గుడ్లూ తీసుకెళ్లేదాన్ని. తిమోన్ యంత్రానికి ఒక మైకు అంటించి, దాని గుర్రును పెద్దరేకు మోతతో కలిపాడు. ఆయన "తలుపు తియ్యి" అంటే ఆ రేకు కూడా తలుపు తియ్యమన్నట్టే ఉండేది. మొదట్లో ఆయన బెదిరాడు. మూడో వారానికి "ఆ రేకు నాకంటే ముందు పోతోంది, కాస్త ఆపు" అని తిమోన్‌ను కసురుకునే దాకా వచ్చాడు. కసురుకోవడానికి పలక సరిపోదు గదా. యంత్రం ఆనించే కసిరాడు. అలా ఒకరోజు ట్రాములో తిరిగొస్తూ, నాతోనే ఏదో అడగబోయి, చుట్టూ జనాన్ని చూసి ఆగిపోయాడు. చెయ్యి మాత్రం జేబులో యంత్రం మీదే ఉంది.

ప్రదర్శన సెప్టెంబరులో, ఆదివారం సాయంత్రం ఐదింటికి, గని కార్మికుల సాంస్కృతిక భవనంలో. ఎనిమిది దాటితే పక్క మేడవాళ్లు ఒప్పుకోరు. నూటనలభై మంది దాకా వచ్చారు. అందరూ నల్లబట్టలే. చావుకొచ్చిన బంధువుల్లా ఉన్నారు కానీ ఒకరినొకరు కౌగిలించుకుంటూ, కిలకిల నవ్వుకుంటూ, ముసలిదాన్నని నాకు దారిస్తూ. పెలాగియా కూడా వచ్చింది. చెవుల్లో బిళ్లలు పెట్టించుకుని మొదటి వరసలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అరగంట ముందు మా ఆయన వెనక్కి తగ్గాడు. పలక అడిగి రాశాడు: "నన్ను ఎప్పుడూ ఎవరూ చూడలేదు. బీరువాలో చదివాను." ఇదాలియా ఒక్కమాట కూడా బతిమాలలేదు. "తెర వెనక కుర్చీ వేద్దాం సార్. సినిమా వెనక నుంచి అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది, అంతే" అంది. తెర వెనక ఇద్దరికీ కుర్చీలు వేశారు. నా ఒళ్లో కాగితాలు, చేతిలో చిన్న దీపం, ఆయన భుజం మీద నా చెయ్యి.

ఒకసారి తట్టాను.

"ఈ దీవిలో ఎవరూ పోరు. వస్తారు, ఉంటారు" అన్నాడు. డాక్టరు మొదటి మాట అది. హాలంతా ఆ గుర్రు పరుచుకుంది. అవతల ఒక్కరూ దగ్గలేదు, కదల్లేదు. ఏడుగురు చచ్చిందాకా బ్రహ్మాండంగా నడిచింది. గొడుగు వచ్చినప్పుడు ఎవరో ఆనందంతో మూలిగారు.

ఎనిమిదో మనిషి దగ్గర ఆయనకు దగ్గు తెర వచ్చింది. మెడ రంధ్రంలోంచి వచ్చే దగ్గు మామూలు దగ్గులా ఉండదు, కొలిమి తిత్తి చిరిగినట్టుంటుంది. మైకు దాన్ని కూడా హాలంతా వినిపించింది. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయాడు. యంత్రం ఒళ్లోంచి జారింది. తెర మీద నర్సు నేలమాళిగ మెట్లు దిగుతూ పెదవులు కదుపుతోంది. మాటల్లేవు. ఇదాలియా పక్క నుంచి తొంగి చూసి, చెయ్యి ఎత్తి తిమోన్‌కు ఏదో సైగ చేసింది. మోత తగ్గి సన్నటి రొద ఒక్కటే మిగిలింది. ఆగి ఉన్నారు, ఎంతసేపైనా ఆగుతామన్నట్టు.

ఆయన దగ్గుతూనే కాగితాల మీద వేలు పెట్టి, ఆ వేలితో నన్ను చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నా భుజం మీద ఒకసారి తట్టాడు.

మైకు తీసుకున్నాను. నేను రాసిన మాటలు నేనెప్పుడూ పైకి చదవలేదు. పాలిటెక్నిక్‌లో డిక్టేషన్ చెప్పినట్టు వచ్చింది గొంతు, అక్కడక్కడ వణికింది కూడా. "డాక్టరుగారూ, ఈ పెట్టెల్లో తేనె లేదు." తర్వాత డాక్టరు: "తేనె అందరికీ పడదమ్మా." తర్వాత నర్సు, నర్సు వెనక వంటవాడు. వంటవాడు శవాన్ని చూస్తాడు, అక్కడ అసలు సినిమాలో పచ్చి బూతుంది. నా కాగితంలో ఉన్నదే చదివాను: "నీ ఉల్లిగడ్డ మొహం తగలెయ్య." హాలు ఒక్కసారి గొల్లుమంది, చప్పట్లు కొట్టారు. రెండు పేజీలు అలా చదివాను. ఆయన ఊపిరి కుదుటపడి, నీళ్లతో రుమాలు తడిపి మెడ తుడుచుకుని, నా భుజం మీద రెండుసార్లు తట్టాడు. మైకు ఇచ్చేశాను. చివరిదాకా ఆయనే చదివాడు.

బయట జనం అది ముందే అనుకుని చేసిందనుకున్నారు. ఆడగొంతు పెట్టడం గొప్ప ఆలోచన అని ఒకాయన గడ్డం నిమురుకుంటూ నాకే వివరించాడు. మా ఆయన తెర ముందుకు రాలేదు. వాళ్లూ బలవంతపెట్టలేదు. ఇదాలియా ఒక్కర్తే వెనక్కి వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కాసేపయ్యాక ఆయన యంత్రం ఆనించి, "ఎనిమిదో హత్య పాడు చేశాను" అన్నాడు.

"దగ్గు బాగుంది సార్" అంది ఇదాలియా.

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నవ్వుకు చప్పుడు లేదు గదా.

ట్రాము దిగేటప్పుడు పెలాగియా, "వదినగారూ, ఆ డాక్టరును చివరికి తేనెటీగలు కుట్టి చంపాయి చూడండి, అది బాగుంది" అంది.

అంతా మారిపోయిందని చెప్పను. రొట్టెల దుకాణంలో అమ్మాయి ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. కాకపోతే ఇప్పుడు ఆయన కేకు చేతికొచ్చేదాకా అడుగుతూనే ఉంటాడు, నేను వీధిలో నిలబడతాను. మూడు నెలలకోసారి ఆస్పత్రికి వెళ్తాం. ఇంతవరకు మళ్లీ ఏమీ కనిపించలేదన్నారు. ఫోన్ మోగితే లేచి వెళ్లడం లేదు. వాళ్లతో ఇంకో నాలుగు ఊళ్లు తిరిగాం, అన్ని చోట్లా తెర వెనకే. ఇదాలియా ఆ మధ్య పాత క్యాసెట్ ఒకటి తెచ్చి పెట్టింది. ముగ్గురం కూర్చుని విన్నాం. చాలా మంచి గొంతు. ఆయన నెమ్మదిగా తల ఊపుతూ విన్నాడు, వేరే స్టేషన్‌లో పనిచేసిన మంచి తోటి ఉద్యోగిని మెచ్చుకున్నట్టు. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు.

ఇప్పుడు కొత్తగా ఒక సినిమా మీద పడ్డాం. లైట్‌హౌసులో కవల సోదరీమణులు. నిన్న మధ్యాహ్నం మొదటి పది పేజీలు ఆయన చేతిలో పెట్టాను. చదివి, కళ్లజోడు తీసి, యంత్రం గెడ్డం కిందికి తెచ్చుకున్నాడు.

"పొడుగు" అన్నాడు.

"ఏది పొడుగు?"

"అన్నీ. చచ్చేవాళ్లకు ఇంత ఊపిరి ఉండదు లూదా."

"నీకేం తెలుసు చచ్చేవాళ్ల సంగతి" అన్నాను. పెన్సిలు తీసుకుని చెక్కి కూర్చున్నాను.